నీళ్ల కోసం పోయే గంటలకూ లెక్క రాయండి

కేంద్ర జలశక్తి మంత్రిత్వ శాఖకు, ఆంధ్రప్రదేశ్ గ్రామీణ నీటి సరఫరా శాఖకు, తెలంగాణ మిషన్ భగీరథ విభాగానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు, ఇంజినీర్లకు నమస్కారం.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో చాలా ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన ఉపాధ్యాయురాలిని. నీటి పథకాల సాంకేతిక విషయాలు మీకు తెలిసినంతగా నాకు తెలియవు. కానీ ఆ నీళ్లు ఇంట్లోకి రావడానికి ఎవరి సమయం ఖర్చవుతోందో పల్లెల్లో బతికిన ఏ ఆడదానికైనా తెలుసు కాబట్టి, ఆ ఒక్క విషయం మీ ముందు పెట్టాలని ఈ లేఖ రాస్తున్నాను.

2019 ఆగస్టు 15న, ప్రతి గ్రామీణ ఇంటికీ కొళాయి ఇచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్‌ను ప్రకటించే నాటికి దేశంలో కొళాయి ఉన్న గ్రామీణ కుటుంబాలు 3.23 కోట్లు, అంటే దాదాపు ఆరింట ఒక వంతు. 2025 వచ్చేసరికి ఆ సంఖ్య 15 కోట్లు దాటింది. తెలంగాణలో అంతకు మూడేళ్ల ముందే, 2016 ఆగస్టు 7న, గజ్వేల్ నియోజకవర్గంలోని కోమటిబండ వద్ద మిషన్ భగీరథ ప్రారంభమైంది. పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్ల చొప్పున ఇంటింటికీ నల్లా నీరు ఇవ్వాలన్నది ఆ పథకం రూపకల్పనలోనే ఉంది. ఇంత తక్కువ కాలంలో ఇన్ని ఇళ్లకు గొట్టాలు వేయడం చిన్న పని కాదు. ఆ పనిని తక్కువ చేసి మాట్లాడాలన్న ఉద్దేశం నాకు ఎంతమాత్రమూ లేదు. నా అభ్యంతరమల్లా లెక్క దగ్గర ఉంది. ఏ జిల్లాలో ఎన్ని కనెక్షన్లు ఇచ్చారో మీ డాష్‌బోర్డులు ఎప్పటికప్పుడు చూపిస్తాయి. ఆ కనెక్షన్ వచ్చిన తరువాత ఆ ఇంటి ఆడమనిషి నీళ్ల కోసం రోజుకు ఎన్ని నిమిషాలు వెచ్చిస్తోందో మాత్రం ఎక్కడా కనిపించదు. పథకం ఎవరి భారం దించడానికి పుట్టిందో ఆ మనిషి లెక్కలోకి రాకుండానే లక్ష్యం పూర్తయిందని ప్రకటించే వీలు దీనివల్ల కలుగుతోంది.

ఆ నిమిషాలు ఎన్నో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒకసారి అంచనా వేసింది. 2018లో భారతదేశంలోని మహిళలు ఇంటి నీటి కోసం రోజుకు సగటున 45.5 నిమిషాలు వెచ్చించారని, ఆవరణలో నీరు లేని కుటుంబాలన్నీ కలిసి రోజూ 6.66 కోట్ల గంటలు ఈ పనికే పోగొట్టుకుంటున్నాయని, అందులో 5.58 కోట్ల గంటలు పల్లెలవేనని ఆ సంస్థ చెప్పింది. రోజుకు ముప్పావుగంటేగా అని తీసిపారేయడం సులభం. ఏడాదికి లెక్కగడితే అది 276 గంటలు దాటుతుంది, ఎనిమిది గంటల పనిదినాలుగా చూస్తే సుమారు 35 రోజులు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఒక కుటుంబానికి ఏడాదికి హామీ ఇచ్చిన పని 100 రోజులు. అందులో మూడో వంతుకు సమానమైన శ్రమను ఆమె కూలి లేకుండా, మస్టరు లేకుండా, సెలవు లేకుండా చేస్తోంది. పైగా ఇది సగటు. ఇంటి పక్కనే చేతి పంపు ఉన్న ఊరినీ, వేసవిలో గెడ్డ (కొండవాగు) ఎండిపోయి కొండ దిగి ఎక్కాల్సిన గూడేన్నీ కలిపి తీసిన సగటు.

ఈ పనిని దగ్గరగా చూడని వారికి దూరం ఒక్కటే కష్టంగా కనిపిస్తుంది. జల్ జీవన్ మిషన్ నిబంధన ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలి. ఐదుగురున్న ఇంటికి అది 275 లీటర్లు. 15 లీటర్లు పట్టే ప్లాస్టిక్ బిందెతో తేవాలంటే 18 బిందెలకు పైనే మోయాలి, ఇంట్లో ఒక గేదె ఉంటే ఇంకా ఎక్కువ. ఏ మనిషీ రోజూ అన్ని బిందెలు మోయలేదు, మోయదు కూడా. నీళ్లు మోసుకొచ్చే ఇంట్లో 55 లీటర్లన్న మాటే ఉండదు. ఎన్ని బిందెలు తేగలిగితే అన్ని నీళ్లతోనే ఆ రోజు గడుస్తుంది. అలా తగ్గించుకోవాల్సి వచ్చినప్పుడు ముందుగా తగ్గేది తెచ్చిన మనిషి వాడుకునే నీళ్లే. పొలం నుంచి వచ్చిన మగవాడి స్నానానికి, బడికి వెళ్లే పిల్లల స్నానానికి, వంటకు, గిన్నెలకు పోగా మిగిలినవే ఆమెకు. నెలసరి రోజుల్లోనైనా, బాలింతగా ఉన్నప్పుడైనా ఆమె లెక్క చూసుకునే వాడుకోవాలి. మరుగుదొడ్డి కట్టించాక ఈ లెక్క ఇంకా బిగుసుకుంది. దాన్ని శుభ్రంగా ఉంచడానికి పట్టే నీళ్లూ ఆమె తెచ్చే బిందెల్లోంచే పోవాలి. ఊరూరా కట్టిన మరుగుదొడ్లలో కొన్ని పిడకలు దాచుకునే గదులుగా ఎందుకు మారాయో అడిగితే అలవాటు మారలేదని చాలామంది చెబుతారు, కానీ ఆ గదికి నీళ్లు ఎవరు మోయాలో ఎవరూ అడగరు.

చుట్టకుదురు పెట్టుకుని నెత్తిన ఒక బిందె, చంకన ఒక కడవ ఎత్తుకున్నప్పుడు మెడ మీద, నడుము మీద పడే బరువు పాతికేళ్ల వయసులో తెలియదు. నలభై దాటాక మోకాళ్లు, వెన్ను చెబుతాయి. ఆ నొప్పులకు పట్టణంలో డాక్టరు రాసిచ్చే మాత్రల ఖర్చు మీ పథకాల వ్యయ ప్రయోజనాల అంచనాల్లో ఎప్పుడైనా చేరిందా? గర్భిణులు బరువులెత్తకూడదని అంగన్‌వాడీలో చెప్పి పంపిస్తారు, చెప్పినవాళ్లూ విన్నవాళ్లూ ఇంటికి వెళ్లి బిందె ఎత్తుకోవాల్సిందే.

కొళాయి వచ్చిన ఊళ్ల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ లెక్కల్లో సమస్య తీరిపోయిన ఊళ్లు అవే. 2022లో కేంద్ర జలశక్తి శాఖే జరిపించిన పనితీరు మదింపులో సర్వే చేసిన ఇళ్లలో 86 శాతం కొళాయిలు పనిచేస్తున్నట్టు తేలింది; తగినంత నీరు, నాణ్యమైన నీరు, క్రమం తప్పని సరఫరా అనే మూడూ కలిపి చూస్తే మాత్రం పూర్తిగా పనిచేస్తున్నవి 62 శాతం ఇళ్లలోనే. మిగతా ఇళ్లలో ఏం జరుగుతుందో పల్లెల్లో అందరికీ తెలుసు. నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, వచ్చినా తెల్లవారుజామున వస్తాయో, మధ్యాహ్నం వస్తాయో ముందుగా తెలియదు. కరెంటు ఉన్నప్పుడు ట్యాంకు నిండుతుంది, నిండిన తరువాత ఆపరేటరు వచ్చి గేట్ వాల్వు తిప్పుతాడు. ఆ వేళకు ఇంట్లో ఎవరో ఒకరు ఉండి డ్రమ్ములు, బిందెలు, బకెట్లు నింపుకోవాలి, లేదంటే మళ్లీ రెండు రోజుల దాకా ఇరుగుపొరుగును అడుక్కోవాలి. అలా ఉండిపోయే ఆ ఒకరు ఎప్పుడూ ఆడమనిషే. ఆ రోజు ఆమెకు మిరప కోతల కూలి పోతుంది. ఇంట్లో పెద్దవాళ్లు కూలికి తప్పక వెళ్లాల్సిన రోజైతే ఆ కాపలా ఆడపిల్ల మీద పడుతుంది. నీళ్ల కోసం ఆగి మొదటి పీరియడ్ అయ్యాక తరగతి గుమ్మంలో నిలబడే అమ్మాయిలను ప్రతి వేసవిలోనూ, ప్రతి ఊళ్లోనూ చూశాను. అదే కారణం చెప్పిన అబ్బాయిని చూసిన గుర్తు లేదు. నడక తగ్గి నిరీక్షణ పెరిగితే దాన్ని భారం దిగడం అనలేం.

ఆ నిరీక్షణ కూడా ఊరంతటా ఒకేలా ఉండదు. ట్యాంకు దగ్గరి వీధుల్లో ధార బాగా పడుతుంది, అక్కడే కొందరు గొట్టానికి మోటారు బిగించి లాగేస్తారు. చివరి వీధికి వెళ్లేసరికి సన్నటి ధార, అంతకన్నా చివర ఉన్న ఇళ్లకు అదీ ఉండదు. మన ఊళ్లలో ఆ చివర ఎక్కువగా ఎస్సీ కాలనీ ఉంటుందని మీ ఫీల్డ్ ఇంజినీర్లకు నేను చెప్పాల్సిన పని లేదు. నీళ్లకూ కులానికీ ఉన్న ముడి మన నేల మీద ఎంత రక్తం పారించిందో మరచిపోయేంత కాలం గడవలేదు. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహద్‌లో, దళితులను ముట్టనివ్వని చవదార్ చెరువు నీళ్లు తాగడానికి అంబేడ్కర్ వేలాదిమందితో కలిసి నడవాల్సి వచ్చింది. 1985 జులైలో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో దళితులు తాము తాగే చెరువు నీళ్లను పాడుచేయవద్దని అడిగిన దగ్గరే గొడవ మొదలైంది. నీళ్లకు వచ్చిన ఒక మాదిగ మహిళ తన మీదకు వచ్చినవారిని ఎదిరించి చేతిలోని బిందె ఎత్తింది. మరునాడు, జులై 17న, మాదిగపల్లె మీద దాడి చేసి ఆరుగురిని చంపారు. కాబట్టి చివరి ఇంటి కొళాయిలో ఒత్తిడి ఎంత ఉందన్నది సాంకేతిక ప్రశ్నగా మాత్రమే మిగలదు. ఊరికి సగటున 55 లీటర్లు అందాయని రాసే ముందు చివరి కొళాయి దగ్గర కొలవమని అడగడం ఇందుకే.

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని కొండ శిఖర గ్రామాల్లో ఇంకొక రకమైన కష్టం ఉంది. అక్కడ నీళ్లంటే ఊట, చెలమ, గెడ్డ. వానాకాలంలో గెడ్డ నీరు ఎర్రగా పారుతుంది, చలికాలంలో తేరుకుంటుంది, మార్చి తరువాత ఊట సన్నగిల్లి ఒక బిందె నిండడానికి చాలాసేపు కూర్చోవాలి. ఊట ఎక్కువగా ఊరికి దిగువన ఉంటుంది కనుక ఖాళీ బిందెతో దిగడం, నిండు బిందెతో ఎక్కడం తప్పదు. పది, పదిహేను ఇళ్లున్న ఇలాంటి గూడేలకు ఒక్కో ఇంటికి పడే ఖర్చు లెక్కగట్టి, గిట్టుబాటు కాదని పక్కన పెట్టడం చాలాకాలంగా జరుగుతున్నదే. అదే మన్యంలో ఊరికి ఎగువన ఉన్న ఊటకు రక్షణగా చిన్న తొట్టె కట్టి, వడపోత పెట్టి, గొట్టం ద్వారా నీటిని కిందికి దించే గ్రావిటీ పథకాలు బాగా నడిచిన చోట్లున్నాయి. కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు. ఊటకు ఎగువన ఉన్న అడవిని నరకకుండా చూసుకుంటే, ఏటా తొట్టె పూడిక తీసుకుంటే అవి ఏళ్ల తరబడి పనిచేస్తాయి. కానీ ఒక పెద్ద టెండరుగా కలిపి పిలవడానికి ఇలాంటి పనులు అనువుగా ఉండవు, ఒక్కో ఊటను విడిగా చూసి గీసుకోవాలి, వేసవిలో కొండెక్కి ధారను కొలవాలి. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ కింద ఆదిమ తెగల ఆవాసాలకు నీటి సదుపాయం ఇస్తామన్నారు. ఆ నిధులతో చేసే పనులకు ఊట కొలత ఏ నెలలో తీశారన్న ఒక్క ప్రశ్న వేస్తే చాలు, నవంబరులో కొలిచి కట్టిన పథకాలు ఏప్రిల్‌లో ఎందుకు ఎండిపోతున్నాయో తెలిసిపోతుంది.

నీరు దగ్గరలోనే ఉండి తాగడానికి పనికిరాని చోట్ల నడక ఇంకొక కారణంతో పెరుగుతుంది. ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మొదట గుర్తించింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో. ఆ తరువాత నల్లగొండ పేరు ఈ జబ్బుకు మారుపేరైంది. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి కూడా ఆ జిల్లా పేరే పెట్టారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడ్ ఉన్న బోరు పెరట్లో ఉన్నా, పిల్లల పళ్లు, పెద్దల ఎముకలు చూసిన తల్లి ఆ నీళ్లు వదిలేసి దూరపు బావికి వెళ్తుంది. పెరట్లోని బోరును చూసి ఈ ఇంట్లో నీటి సదుపాయం ఉందని రాసుకుంటే ఆమె నడక కాగితం మీద మాయమవుతుంది. కృష్ణా జలాలు నల్లాల్లోకి వచ్చాక నల్లగొండలో పరిస్థితి మారింది, ఇది ఒప్పుకుని తీరాలి. కానీ సరఫరా ఆగిన ప్రతిసారీ జనం మళ్లీ పాత బోరు దగ్గరికే వెళ్తారు కాబట్టి, అక్కడ రెండు రోజుల అంతరాయం అంటే రెండు రోజుల అసౌకర్యం ఒక్కటే కాదు.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి, ఇది నేను చాలా ఊళ్లలో గమనించింది. కోస్తా పల్లెల్లో శుద్ధి చేసిన నీటి ప్లాంట్లు వచ్చాక 20 లీటర్ల క్యాన్లు వచ్చాయి. ఆ క్యాన్‌ను మోటారు సైకిల్ మీద పెట్టుకుని తెచ్చేది మగవాళ్లే. నీళ్లు తేవడం ఆడవాళ్ల పని అని ఏ శాస్త్రం చెప్పినా చెప్పకపోయినా, ఆ పనికి చక్రం తగిలిన రోజు అది మగవాళ్ల చేతికి వెళ్లింది. నెత్తి మీద మోయాల్సినంత కాలమే అది ఆచారం. యునిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం, ఆవరణలో నీరు లేని ఇళ్లలో పదింట ఏడిళ్లలో ఆ బాధ్యత ఆడవాళ్లది, ఆడపిల్లలది. ప్రపంచంలో అలాంటి ఇళ్లలో ఉన్నవారు 180 కోట్ల మంది. మన దేశంలో 2019లో జరిగిన కాల వినియోగ సర్వేలో కూలి లేని ఇంటి పనులు చేసే ఆడవాళ్లు వాటికి రోజుకు 299 నిమిషాలు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. ఇంట్లో ఎవరు ఏ పని చేయాలో చెప్పడం మా శాఖ పని కాదని మీలో కొందరు అనవచ్చు. నిజమే, నేనూ అడగడం లేదు. ఏ ఇంట్లో ఎవరు మోస్తున్నారో, ఎంతసేపు మోస్తున్నారో తెలుసుకుని ఆ ఇళ్లకు ముందుగా నీళ్లివ్వడం మాత్రం మీ పనే.

నీళ్ల రేవు దగ్గరే ఆడవాళ్లు నాలుగు మాటలు చెప్పుకుంటారు, కొళాయి వస్తే ఆ కాస్త కలయిక కూడా పోతుందని వాదించే పెద్దమనుషులు ఇప్పటికీ ఉన్నారు. బిందె నెత్తిన లేకుండా కూర్చుని మాట్లాడుకునే వీలుంటే ఆ మాటలు ఇంకా బాగుంటాయని వారికి మనవి.

రాజ్యాంగ 73వ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూలులో తాగునీరు పంచాయతీల అంశాల్లో ఒకటి. జల్ జీవన్ మిషన్ మార్గదర్శకాలు గ్రామ నీటి, పారిశుధ్య కమిటీలో సగానికి తగ్గకుండా మహిళలుండాలని, ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్ల వాడకం నేర్పాలని చెప్పాయి. ఊరి లోపలి పనుల ఖర్చులో పది శాతం, కొండ, అటవీ ప్రాంతాల్లోనూ ఎస్సీ, ఎస్టీ జనాభా ఎక్కువగా ఉన్న ఊళ్లలోనూ ఐదు శాతం ఊరివారే భరించాలని కూడా ఉంది; అది డబ్బుగానైనా, శ్రమగానైనా ఇవ్వవచ్చు. ఇవన్నీ మంచి నిబంధనలే. చాలా చోట్ల ఆ కమిటీ అంటే తీర్మానాల పుస్తకంలో సంతకాలు. మహిళా సభ్యుల సంతకాలు ఇంటికి పుస్తకం పంపి తెప్పించుకుంటారు. వాల్వు ఏ వేళకు తిప్పాలో, ఏ వీధికి ముందు వదలాలో, మోటారు కాలిపోతే బాగుచేయడానికి ఎన్ని రోజులు పడుతుందో ఆ సభ్యురాలి చేతిలో ఉండదు. ఆ నిర్ణయాలు నెలల తరబడి జీతం అందని పంపు ఆపరేటరు చేతిలో, కరెంటు బిల్లు బకాయి పడిన పంచాయతీ చేతిలో ఉంటాయి. ఆ ఆపరేటరును తప్పుపట్టి లాభం లేదు. నిర్వహణకు డబ్బు పెట్టకుండా కట్టడాలకే డబ్బు పెట్టే పద్ధతిదే తప్పు.

2025 ఫిబ్రవరి కేంద్ర బడ్జెట్‌లో జల్ జీవన్ మిషన్‌ను 2028 దాకా పొడిగిస్తున్నట్టు ప్రకటిస్తూ, ఇకపై కట్టిన వాటి నాణ్యత మీద, నిర్వహణ మీద దృష్టి పెడతామని చెప్పారు. ఆ మాట నిజం కావాలంటే కొలత మారాలి. నీళ్లకు వెళ్లి, వరుసలో నిలబడి, తిరిగి రావడానికి 30 నిమిషాలు దాటితే దాన్ని కనీస సదుపాయంగా కూడా అంతర్జాతీయ లెక్కల్లో పరిగణించరు. వాళ్లు నిమిషాలు లెక్కపెట్టగలిగినప్పుడు మనం లెక్కపెట్టలేకపోవడానికి కారణం లేదు. మీరు జరిపించే తదుపరి పనితీరు మదింపు ప్రశ్నావళిలో, కొళాయి ఉన్న ఇళ్లతో సహా ప్రతి ఇంట్లోనూ, నిన్న నీళ్లు ఎవరు తెచ్చారు, ఎవరు పట్టారు, దానికి ఎంతసేపు పట్టింది, అందుకోసం కూలి గానీ బడి గానీ మానేశారా అని ఆ పని చేసిన మనిషినే అడగండి. ఇంటి యజమానిని అడిగితే ఆయనకు తెలియదు. ఆ సర్వే ఏప్రిల్, మే నెలల్లో జరగాలి, గూడేలను సగటులో కలపకుండా విడిగా చూపాలి. ప్రతి ఊళ్లో చివరి కొళాయి దగ్గర ఒత్తిడి, పరిమాణం కొలిచి ఆ ఇంటి సామాజిక వర్గంతో సహా నమోదు చేయాలి.

నీళ్లు వదిలే వేళను కమిటీలోని మహిళా సభ్యులే నిర్ణయించాలని, ఆ వేళను ట్యాంకు గోడ మీద రాయాలని, అది మారితే ముందు రోజే చాటింపు వేయించాలని ఉత్తర్వు ఇవ్వండి. దీనికి రూపాయి ఖర్చు లేదు. పంపు ఆపరేటరు జీతం, కరెంటు బిల్లు పంచాయతీ సాధారణ నిధితో ముడిపెట్టకుండా విడిగా కేటాయించండి. ఆపరేటర్లుగా శిక్షణ పొందిన మహిళలను నియమించడానికి అడ్డొచ్చే నిబంధన ఏదైనా ఉంటే తీసేయండి. మన్యంలో ఊట ఆధారిత పథకాలకు ఒక్కో ఇంటి ఖర్చు పరిమితిని సడలించండి.

సర్వే ఫలితాలను ఢిల్లీలోనో, అమరావతిలోనో, హైదరాబాద్‌లోనో నివేదికగా అచ్చువేసి వదిలేయకుండా, ఏ ఊరి లెక్క ఆ ఊరి గ్రామసభలో చదివించండి. ఆగస్టు 15న జరిగే సభలోనైతే మరీ మంచిది, ఆ వేసవి అందరికీ ఇంకా గుర్తుంటుంది. ఏ వీధి ఆడవాళ్లకు ఎన్ని నిమిషాలు పడుతోందో సర్పంచి, కార్యదర్శి, మీ సహాయక ఇంజినీరు అందరి ముందూ చదవాలి. ఆ లెక్క తప్పని ఎవరైనా లేచి చెబితే ఆ మాటను మినిట్స్‌లో రాసి, నెలలోగా మళ్లీ కొలిచి, దిద్దిన లెక్కను పంచాయతీ నోటీసు బోర్డులో పెట్టాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు